పోర్టో: జనం తగ్గిన ఊళ్లో ఇళ్లకు కరువెందుకు?

క్లుప్తంగా: పోర్చుగల్‌లోని పోర్టో నగరం నాలుగు దశాబ్దాల్లో దాదాపు లక్ష మందిని పోగొట్టుకుంది. అయినా అక్కడ అద్దెలు సామాన్యులకు అందకుండా పోయాయి. నిందంతా పర్యాటకుల మీద వేయడం తేలిక. కానీ వాళ్లు రావడానికి చాలా ముందే పాత ఊరు ఖాళీ అయింది. పందొమ్మిదో శతాబ్దపు ఇరుకు స్థలాలు, ఇరవయ్యో శతాబ్దపు అద్దె చట్టాలు, 2012కి అటూ ఇటుగా ఒకేసారి తెరుచుకున్న నాలుగు తలుపులు కలిసి ఈ పరిస్థితిని తెచ్చాయి.

లిస్బన్ తర్వాత పోర్చుగల్‌లో పేరున్న నగరం పోర్టో. డౌరో నది అట్లాంటిక్‌లో కలిసే చోట, ఉత్తరపు ఒడ్డున, రాతి కొండల మీద ఉంటుంది. 1981 జనగణనలో ఇక్కడి జనాభా 3,27,000. 2021లో అది 2,32,000 దగ్గరకు పడిపోయింది. ఈ నలభై ఏళ్లలో ఇళ్లు కూలింది తక్కువ, కట్టింది ఎక్కువ. మామూలు లెక్కన చూస్తే ఇళ్లు మిగిలిపోయి అద్దెలు దిగాలి. కానీ పదేళ్లుగా వార్తల్లో వస్తున్నది అద్దె కట్టలేక ఊరు వదిలే వాళ్ల గురించి, గది దొరకని విద్యార్థుల గురించి, ఇళ్ల కోసం జరిగే ఊరేగింపుల గురించి.

దీనికి వినిపించే జవాబులు రెండు. విదేశీ పర్యాటకులు ఊరిని మింగేశారన్నది ఒకటి. ప్రభుత్వం ఇళ్లు కట్టలేదన్నది రెండోది. రెండిట్లోనూ నిజముంది. కానీ పర్యాటకుల వెల్లువ మొదలు కాకముందే, 2011 జనగణన నాటికే, నగరంలో ఐదో వంతుకు దగ్గరగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అంత ఖాళీ ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బిషప్పు ఒడ్డు, రాజు ఒడ్డు

రోమన్ల కాలంలో నదీ ముఖద్వారం దగ్గర పోర్టుస్ కాలె అనే రేవు ఉండేది. 868లో వీమారా పెరెష్ అనే సర్దారు ఈ ప్రాంతాన్ని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నాక దాని చుట్టూ పోర్తుకాలె అనే సంస్థానం ఏర్పడింది. దేశానికి పోర్చుగల్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే.

1120లో ఆ సంస్థానాన్ని ఏలిన దొన తెరేజా ఈ ఊరిని బిషప్పు హూగోకు దానమిచ్చింది. అంటే రేవులో దిగే సరుకు మీద సుంకం బిషప్పుది. తర్వాతి రాజులకు ఇది కంట్లో నలుసైంది. 1255లో మూడో అఫొన్సు నదికి అవతలి ఒడ్డున గాయా అనే ఊరికి పట్టణ హక్కులిచ్చి, పడవలను అక్కడ సరుకు దించమన్నాడు. బిషప్పు ఆదాయానికి గండి కొట్టడానికే ఈ ఏర్పాటు. ఈ తగాదా తరాల పాటు సాగి, 1406లో మొదటి జొవావు బిషప్పు అధికారాన్ని తప్పించడంతో ముగిసింది. ఊరు రెండు ఒడ్లుగా, రెండు పాలనలుగా చీలిన తీరు మాత్రం మారలేదు. నేటికీ పోర్టో వేరే మునిసిపాలిటీ, విలా నోవా ద గాయా వేరే మునిసిపాలిటీ. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఈ హద్దు తర్వాతి కథలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

మధ్యయుగంలో పోర్టో వర్తకులు మరో విచిత్రమైన హక్కు సాధించుకున్నారు. ప్రభువంశీయులు ఈ ఊళ్లో కాపురం పెట్టకూడదు. వచ్చినా మూడు రోజులకు మించి ఉండకూడదు. అందుకే లిస్బన్‌లో కనిపించే పెద్ద పెద్ద దేవిడీలు పాత పోర్టోలో అరుదు. వీధికి ఆనుకుని సన్నగా, ఎత్తుగా లేచిన వర్తకుల ఇళ్లు కనిపిస్తాయి. కింద దుకాణం, పైన కాపురం, వెనక పొడవాటి పెరడు. ఈ సన్నటి స్థలమే తర్వాత ఊరి తలరాతను చాలావరకు నిర్ణయించింది.

1387లో ఇక్కడి కెథడ్రల్‌లోనే మొదటి జొవావుకు, ఇంగ్లండు రాజవంశానికి చెందిన ఫిలిప్పాకు పెళ్లయింది. ఆ ముందు ఏడు కుదిరిన విండ్సర్ ఒప్పందంతో మొదలైన ఇంగ్లిషు సంబంధం మరో మూడు శతాబ్దాల తర్వాత ద్రాక్షసారా రూపంలో ఫలించింది.

ఊరి పేరు, కొండల పంట

పోర్ట్ వైన్ పోర్టోలో పండదు. పోర్టోలో తయారు కాదు. ఎక్కువ భాగం పోర్టోలో నిల్వ కూడా ఉండదు. ద్రాక్ష పండేది నది ఎగువన, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, పలకరాతి కొండలను మెట్లుగా చెక్కిన తోటల్లో. నిల్వ ఉండేది అవతలి ఒడ్డున, గాయాలో. పోర్టో చేసింది బేరం. పేరు దానికి దక్కింది.

ఈ బేరం పెరగడానికి కారణం రుచి కన్నా సుంకం. ఫ్రాన్సుతో యుద్ధాల్లో ఉన్న ఇంగ్లండు 1703లో పోర్చుగల్‌తో మెథ్యూన్ ఒప్పందం కుదుర్చుకుంది. ఇంగ్లిషు ఉన్ని బట్టలను పోర్చుగల్ రానివ్వాలి. బదులుగా పోర్చుగీసు వైన్ మీద ఇంగ్లండు వేసే సుంకం ఫ్రెంచి వైన్ కన్నా మూడో వంతు తక్కువ ఉండాలి. పోర్టోలో ఇంగ్లిషు వర్తకుల కొఠీలు వెలిశాయి. టేలర్, క్రాఫ్ట్, సాండెమన్ వంటి పేర్లు ఇవాళ్టికీ గాయా గిడ్డంగుల కప్పుల మీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. వైన్ పులుస్తుండగానే ద్రాక్ష నుంచి దించిన సారాయి కలిపితే పులియడం ఆగిపోతుంది, తీపి మిగులుతుంది, ఘాటు పెరుగుతుంది. ఓడ ప్రయాణానికి తట్టుకునేందుకు మొదలైన ఈ పద్ధతి క్రమంగా ఆ వైన్‌కే గుర్తయింది.

గిరాకీ పెరిగేసరికి కల్తీ వచ్చింది. 1750లలో ధర పడిపోయింది. అప్పటి మంత్రి, తర్వాత పొంబాల్ మార్క్విస్‌గా పేరుపడిన సెబాస్టియన్ జోజే, 1756లో ఒక గుత్త కంపెనీ పెట్టి, ఏ కొండల్లో పండిన ద్రాక్షకు ఈ పేరు పెట్టుకోవచ్చో హద్దులు గీయించాడు. 335 రాతి స్తంభాలు పాతించాడు. బంగినపల్లి మామిడికి 2017లో దక్కిన భౌగోళిక గుర్తింపు లాంటి ఏర్పాటును ఇక్కడ రెండున్నర శతాబ్దాల ముందే అమల్లో పెట్టారు. అయితే అదే కంపెనీ చేతికి ఊళ్లో చిల్లర వైన్ అమ్మే గుత్త కూడా పోవడంతో 1757లో జనం తిరగబడ్డారు. ప్రభుత్వం కొందరిని ఉరి తీసి ఆ అల్లరిని అణచింది.

ఈ దశ ఊరి రూపాన్నీ మార్చింది. 1755 భూకంపం లిస్బన్‌ను నేలమట్టం చేసింది, పోర్టోను పెద్దగా తాకలేదు. లిస్బన్ నడిబొడ్డును గీత గీసి కొత్తగా కట్టాల్సి వచ్చింది. పోర్టోలో మధ్యయుగపు సందులు అలాగే నిలిచాయి, వాటి పక్కన కొత్త వీధులు పుట్టాయి. జొవావు ద అల్మాదా ఆధ్వర్యంలో 1760ల నుంచి సాగిన ఆ పనులకు డబ్బు వైన్ మీద వేసిన పన్ను నుంచే వచ్చింది. ఇటలీ నుంచి వచ్చిన నికొలావు నజోని కట్టిన 75 మీటర్ల క్లెరిగోస్ గోపురం 1763లో పూర్తయింది. నదిలోకి వచ్చే ఓడలకు చాలాకాలం అదే ఆనవాలు.

మరి గిడ్డంగులు గాయాలోనే ఎందుకు? ఉత్తరానికి తిరిగిన ఆ ఒడ్డు చల్లగా, తేమగా ఉంటుంది, పీపాల్లోంచి ఆవిరయ్యే నష్టం తక్కువ. బిషప్పు సుంకం ఉన్న కాలంలో అవతల దించడం లాభం కూడా. అలవాటు 1926లో చట్టమైంది. ఎగుమతి చేసే పోర్ట్ వైన్ గాయా గిడ్డంగుల గుండానే పోవాలన్న ఆ నిబంధన 1986 దాకా నడిచింది. ఆ తర్వాత కొండల్లోని రైతులు నేరుగా ఎగుమతి చేసుకునే వీలొచ్చింది. పీపాలు మోసిన రబెలో పడవలు అప్పటికే రైలు, లారీ, ఆనకట్టల దెబ్బకు పని మానేశాయి. ఇప్పుడు నదిలో కనిపించేవి కంపెనీల ప్రకటనల కోసం కట్టేసినవి.

రేవు కథా ఇంతే. డౌరో ముఖద్వారంలో ఇసుక మేటలు, రాళ్లు, వరదలు ఓడలను ముంచేవి. అందుకని 1884 నుంచి 1892 వరకు సముద్రపు ఒడ్డున, పక్క మునిసిపాలిటీ మాతొజీన్యుష్‌లో, లెయిషొంయ్ష్ రేవు కట్టారు. రేవు పేరుతో పుట్టిన ఊరికి నేడు తన హద్దుల్లో వాణిజ్య రేవు లేదు.

రాజధానికి ఎదురు చెప్పే ఊరు

"కోయింబ్రా పాడుతుంది, బ్రాగా ప్రార్థిస్తుంది, లిస్బన్ సరదా చేస్తుంది, పోర్టో పనిచేస్తుంది" అని పోర్చుగీసువాళ్ల సామెత. వర్తకులది పైచేయి అయిన ఊరు కావడంతో రాజకీయాల్లోనూ అది ముందుండేది. 1820 ఆగస్టు 24న మొదలైన ఉదారవాద విప్లవం ఇక్కడిదే. రాజు బ్రెజిల్ నుంచి తిరిగి రావడం, రాజ్యాంగం రాయడం, 1822లో బ్రెజిల్ విడిపోవడం దాని వెనుకే వచ్చాయి. 1832 జులై నుంచి ఏడాది పైగా నిరంకుశ పక్షం సైన్యం ఊరిని ముట్టడించినా లొంగలేదు. 1833లో వెనక్కి తగ్గుతూ ఆ సైన్యం గాయాలోని వైన్ గుత్త కంపెనీ గిడ్డంగులను తగలబెడితే వైన్ నదిలోకి పారింది. ముట్టడిలో ఊరి పక్షాన నిలిచిన నాలుగో పెద్రు, బ్రెజిల్ తొలి చక్రవర్తి కూడా ఆయనే, తన గుండెను ఈ ఊరికి రాసిచ్చాడు. అది నేటికీ లాపా చర్చిలో ఉంది. 2022లో బ్రెజిల్ స్వాతంత్ర్యపు 200 ఏళ్ల వేడుకకు దాన్ని విమానంలో పంపి తిరిగి తెచ్చుకున్నారు. 1891 జనవరి 31న జరిగి విఫలమైన తొలి గణతంత్ర తిరుగుబాటు కూడా పోర్టోదే.

వీధి వైపు మేడ, పెరట్లో ఇల్యా

ఇళ్ల సమస్యకు అసలు వేరు ఇక్కడుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పోర్టోలో బట్టల మిల్లులు, ఇతర కర్మాగారాలు పెరిగాయి. ఉత్తరాన ఉన్న మీన్యు ప్రాంతపు పల్లెల నుంచి కూలీలు వచ్చారు. 1877లో ఎఫెల్ కంపెనీ కట్టిన మరియా పియా రైలు వంతెన, 1886లో తియోఫిల్ సేరిగ్ రూపకల్పనలో పూర్తయిన రెండంతస్తుల దొం లుయీష్ ఇనుప వంతెన ఈ ఎదుగుదల గుర్తులే. కూలీల ఇళ్లు మాత్రం ఎవరూ కట్టలేదు.

వీధి వైపు ఐదారు మీటర్ల వెడల్పు, వెనక పొడవాటి పెరడు ఉన్న స్థలాలు చేతిలో ఉన్నాయి. వీధి ముఖం మీద కట్టే కట్టడానికి మునిసిపాలిటీ అనుమతి కావాలి. పెరట్లో ఏం కట్టినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. చిన్న దుకాణదారులు, మేస్త్రీలు కాస్త డబ్బు కూడబెట్టి తమ పెరట్లో వరసగా ఒంటి గది ఇళ్లు కట్టి అద్దెకిచ్చారు. ఒక్కో ఇల్లు సుమారు పదహారు చదరపు మీటర్లు. మరుగుదొడ్లు ఉమ్మడి. బయటికి దారి, ముందున్న ఇంటి కింది నుంచి ఒక ఇరుకు నడవ. వీధిలో నడిచేవాడికి వెనక అన్ని కాపురాలున్నట్టు తెలియదు. వీటిని ఇల్యాలు అన్నారు.

1899లో ఊళ్లోకి ప్లేగు వచ్చింది. మూడేళ్ల ముందు బొంబాయిని కుదిపేసిన మహమ్మారి అలే అది. పట్టణ ఆరోగ్యాధికారి రికార్దు జోర్జ్ జబ్బును గుర్తుపట్టి ప్రకటించాడు. లిస్బన్ ప్రభుత్వం ఊరి చుట్టూ సైన్యాన్ని కాపలా పెట్టి రాకపోకలు ఆపింది. వ్యాపారం పోయిన కోపాన్ని జనం ఆ డాక్టరు మీదే చూపించారు. ఆయన ఊరు వదిలి లిస్బన్ వెళ్లాల్సి వచ్చింది. ఆ సందర్భంగా తీసిన లెక్కల్లో వెయ్యికి పైగా ఇల్యాలు, 11 వేల ఇళ్లు, వాటిలో దాదాపు 50 వేల మంది ఉన్నట్టు తేలింది. ఊరి జనంలో ఇంచుమించు మూడో వంతు.

ఇల్యాలు ఇరవయ్యో శతాబ్దంతో మాయం కాలేదు. 1956లో నియంత సలాజర్ ప్రభుత్వం పదేళ్లలో ఆరు వేల మునిసిపల్ ఇళ్లు కట్టే పథకం చేపట్టింది. జనాన్ని నడి ఊరి నుంచి శివారు కాలనీలకు తరలించింది. ఇళ్లు బాగుపడ్డాయి, కానీ పాత బస్తీ బంధాలు తెగాయి. కాలనీల్లో ఎలా మసలుకోవాలన్న నిబంధనలు కూడా కఠినంగా ఉండేవి. నియంతృత్వాన్ని కూల్చిన 1974 విప్లవం తర్వాత వచ్చిన సాల్ కార్యక్రమం దీనికి పూర్తిగా తలకిందులు. జనం ఉన్నచోటే, వాళ్లతో మాట్లాడి, వాస్తుశిల్పులు ఇళ్లు గీయాలన్నది దాని ఆలోచన. తర్వాత 1992లో వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న అల్వరు సీజా గీసిన బోసా ఇళ్లు ఆ కాలానివే. కార్యక్రమం 1976లో ఆగిపోయింది. బోసా సగంలో నిలిచిపోయి 2006లో గానీ పూర్తి కాలేదు.

మొత్తమ్మీద మునిసిపాలిటీ చేతిలో నేడు సుమారు 13 వేల ఇళ్లున్నాయి. పోర్చుగల్ నగరాల్లో ఇది ఎక్కువే, ఊరి జనంలో ఎనిమిదో వంతు దాకా వీటిలో ఉంటారు. పర్యాటకం మీద చర్చలో ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది.

గడ్డకట్టిన అద్దెలు

ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచే పోర్చుగల్‌లో అద్దె నియంత్రణ ఉంది. 1948 చట్టం ప్రత్యేకంగా లిస్బన్, పోర్టోలలో అద్దెలు సవరించే వీలు లేకుండా చేసింది. 1974 తర్వాత ఈ స్తంభన దేశమంతటికీ పాకింది. 1970లు, 80లలో ధరలు ఏటా రెండంకెల శాతంలో పెరుగుతుంటే అద్దె మాత్రం కదల్లేదు. నెలకు ఒక భోజనం ఖరీదు కూడా చేయని అద్దెలు మిగిలాయి. 1985లో ఏటా కొంత పెంచుకునే వీలొచ్చినా, అట్టడుగు నుంచి మొదలైన లెక్క ఎక్కడికీ చేరలేదు.

ముంబయి వాళ్లకు ఇది కొత్త కథ కాదు. 1947 బొంబాయి అద్దె చట్టం కింద గిర్గావ్ చాళ్లకు, అంటే గదుల వరసల అద్దె భవనాలకు, జరిగిందే ఇక్కడా జరిగింది. అద్దెతో కప్పు పెంకులు మార్చడానికైనా డబ్బు రాకపోతే యజమాని మరమ్మతు మానేస్తాడు. అద్దెదారుడు అంత చవక ఇల్లు వదులుకోడు, తన పిల్లలకు వదిలి పోవాలని చూస్తాడు. పిల్లలకు మాత్రం ఆ కారుతున్న ఇల్లు వద్దు. ముసలివాళ్లు పోయాక ఆ ఇంటికి తాళం పడుతుంది. యజమానికి దాన్ని బాగుచేసి మళ్లీ అద్దెకివ్వడం కన్నా ధర వచ్చేదాకా మూసి ఉంచడమే తెలివైన పని. వారసులు పదిమంది ఉంటే అమ్మడమూ కుదరదు. గ్రానైటు గోడలు నిలుస్తాయి, లోపలి చెక్క అంతస్తులు కూలతాయి. 2000ల మొదట్లో పోర్టో నడిబొడ్డులో వీధుల కొద్దీ ఇలాంటి గుల్ల ఇళ్లుండేవి.

యువ దంపతులు ఎటు వెళ్లారు? అద్దె ఇళ్ల మార్కెట్ చచ్చిపోవడంతో కొనుక్కోవడమే దారి. సొంతింటికి ప్రభుత్వం వడ్డీ రాయితీ అప్పులిచ్చింది, 2002 దాకా ఇచ్చింది. కొత్త అపార్టుమెంట్లు లేచింది గాయా, మాయా, గొందుమార్, మాతొజీన్యుష్‌లలో. 2021 నాటికి గాయా జనాభా మూడు లక్షలు దాటి పోర్టోనే మించింది. మహానగర ప్రాంతం మొత్తం 17 లక్షలు. పోర్టో కుంచించుకుపోయిందనడం కన్నా పక్క మునిసిపాలిటీల్లోకి ఒలికిపోయిందనడం సరైన మాట. మధ్యయుగపు హద్దు వల్ల ఆ పెరుగుదల వేరే ఖాతాలో పడుతుంది. లిస్బన్‌లోనూ ఇదే తీరు: 1981లో ఎనిమిది లక్షలు దాటిన నగర జనాభా 2021కి ఐదున్నర లక్షలకు దిగింది.

పోర్టో పాత ఊరికి 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆ హోదా వచ్చిన రిబెయిరా, సె, మిరగాయా, వితోరియా వాడల్లో 2011కి మిగిలింది పదివేల లోపు జనం.

ఒకేసారి తెరుచుకున్న తలుపులు

తర్వాత జరిగిన మార్పు వేగానికి ఒక్క కారణం చాలదు. కొన్ని ఏడాదుల వ్యవధిలో వేర్వేరు నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మొదటిది విమానం. 2005 ప్రాంతంలో పోర్టో విమానాశ్రయం ఏటా 30 లక్షల ప్రయాణికులను చూసేది. 2009లో చవక విమానాల సంస్థ ర్యానెయిర్ ఇక్కడ తన స్థావరం పెట్టింది. చవక విమానాలు పెరిగి 2023లో ప్రయాణికులు కోటిన్నర దాటారు.

రెండోది సంక్షోభం. 2011లో పోర్చుగల్ యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల నుంచి 78 బిలియన్ యూరోల సాయం తీసుకుంది. దాని షరతుల్లో అద్దె చట్టం సవరణ ఒకటి. 2012 చట్టం పాత ఒప్పందాలను కొత్త ధరలకు మార్చే దారి తెరిచింది. 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి కొన్నేళ్ల రక్షణ ఉంచింది. దుకాణాలకు అంత రక్షణ లేదు. తరాల నాటి అంగళ్లు మూతపడటం అప్పుడే మొదలైంది.

మూడోది పెట్టుబడి. అదే 2012లో గోల్డెన్ వీసా వచ్చింది. ఐదు లక్షల యూరోల ఆస్తి కొన్న విదేశీయుడికి నివాస హక్కు. తర్వాత, పాత ఇల్లు బాగుచేస్తే మూడున్నర లక్షలు చాలన్నారు. పునరుద్ధరణ ప్రాంతాల్లో పనులకు వ్యాట్ 23 నుంచి 6 శాతానికి తగ్గింది.

నాలుగోది 2014 చట్టం. 'అలోజమెంటో లోకల్' పేరిట ఇంటిని పర్యాటకులకు రోజువారీగా ఇవ్వడం నమోదు చేసుకుంటే చాలు, వేరే అనుమతి అక్కర్లేదు.

ఇప్పుడు తాళం వేసిన ఇంటి యజమాని వైపు నుంచి చూస్తే అంతా అర్థమవుతుంది. ఇన్నాళ్లూ మరమ్మతు ఖర్చు తిరిగి వచ్చే దారి లేదు. హఠాత్తుగా పన్ను తక్కువ, కొనేవాడు సిద్ధం, నెల అద్దెను వారంలో ఇచ్చే అతిథి విమానం దిగుతున్నాడు. అద్దెదారుడితో ఏళ్ల ఒప్పందం గొడవ కూడా లేదు. ఇళ్లు బాగయ్యాయి, చాలా వేగంగా. కానీ బాగయిన ఇళ్లు ఊరి అద్దె మార్కెట్‌లోకి రాకుండా నేరుగా బసలుగా మారాయి. ఊరి మొత్తంలో నమోదైన ఇలాంటి బసలు పదివేల దరిదాపులకు చేరాయి, వాటిలో ఎక్కువ భాగం నడి ఊళ్లోనే.

కొన్ని వీధుల్లో పర్యాటకులు ఎవరినీ వెళ్లగొట్టలేదు, అక్కడ వెళ్లగొట్టడానికి మనుషులే లేరు. ఈ వాదనలో నిజముంది. 2012 నాటి పాత ఊరిని చూసినవాళ్లెవరూ దాన్ని తిరిగి కోరుకోరు. అయితే నడి ఊళ్లో కుదిరిన ధర అక్కడే ఆగలేదు. బుమ్‌ఫీం, సెడుఫెయిటా వంటి కాపురాల వాడల్లో యజమానులు కూడా అదే ధరను చూసి ఒప్పందాలు పొడిగించడం మానేశారు. అసలైన వెళ్లగొట్టడం అక్కడ జరిగింది.

జనం తగ్గితే ఇళ్లు మిగలాలన్న లెక్కలో మరో లోపముంది. ఇల్లు కావాల్సింది తలకు కాదు, కుటుంబానికి. ఒకప్పుడు ఐదుగురున్న ఇంట్లో ఇప్పుడు ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉంటుంది. మనుషులు తగ్గినంతగా కాపురాలు తగ్గలేదు.

ఇవాళ్టి ఊరు

దేశంలో కనీస వేతనం 2025లో నెలకు 870 యూరోలు. పోర్టోలో కొత్త అద్దె ఒప్పందాల మధ్యస్థ ధర అప్పట్లో చదరపు మీటరుకు 12 యూరోల పరిసరాల్లో ఉండేది. అరవై చదరపు మీటర్ల ఇంటికి 720 అవుతుంది. హోటల్లో పనిచేసే మనిషి ఆ హోటలున్న వాడలో ఉండలేడు. రోజూ గాయా నుంచో గొందుమార్ నుంచో మెట్రోలో వస్తాడు. 30 వేలకు పైగా విద్యార్థులున్న పోర్టో విశ్వవిద్యాలయానికి గదుల కొరత ఏటా సెప్టెంబరు సమస్య.

మారిన తీరుకు రెండు చోట్లు మంచి ఉదాహరణ. 1906 నాటి లెల్లో పుస్తకాల షాపు మెట్లు చూడటానికి వచ్చే జనాన్ని తట్టుకోలేక 2015 నుంచి ప్రవేశ రుసుము పెట్టింది. పుస్తకం కొంటే ఆ డబ్బు తగ్గిస్తారు. షాపు బతికింది. 1914 నాటి బొల్యావు సంత భవనాన్ని నాలుగేళ్లు మూసి బాగుచేసి 2022 సెప్టెంబరులో తెరిచారు. పాత కూరగాయల, చేపల అమ్మకందార్లకు చోటిచ్చారు. కానీ వంట కోసం కొనేవాళ్ల కన్నా నిలబడి తినే, ఫొటో తీసుకునే వాళ్లు ఎక్కువయ్యారు. దాన్ని బట్టి బల్లల మీద సరుకూ మారుతోంది.

ఊరివాళ్ల ఊరు పూర్తిగా పోయిందనడమూ తొందరపాటే. జూన్ 23 రాత్రి సావు జొవావు పండగకు మహానగరమంతా నది ఒడ్డుకు దిగుతుంది. సార్డీన్లు కాలుస్తారు, ప్లాస్టిక్ సుత్తులతో ఎదురొచ్చిన వాళ్ల నెత్తిన మొట్టుతారు, పద్యం గుచ్చిన తులసి జాతి మొక్కల కుండీలు ఇచ్చుకుంటారు, తెల్లవారే దాకా నడుస్తారు. ఆ నడిచేవాళ్లలో చాలామంది అమ్మమ్మ ఇల్లు రిబెయిరాలో ఉండేది, వాళ్ల ఇల్లు మాత్రం హద్దు అవతల.

2021 తర్వాతి అంచనాలు జనాభా మళ్లీ పెరుగుతున్నట్టు చెబుతున్నాయి. వస్తున్నవాళ్లలో బ్రెజిలియన్లు ఎక్కువ. భారత్, నేపాల్, బంగ్లాదేశ్ నుంచి వచ్చి భోజనశాలల్లో, సరుకు చేరవేసే పనుల్లో కుదురుకుంటున్నవాళ్లూ ఉన్నారు. ఒక గదిలో నలుగురైదుగురు ఉండే పద్ధతి వీళ్లతో తిరిగొచ్చింది.

చట్టం ఇటూ అటూ

2023 అక్టోబరులో వచ్చిన 'మాయిష్ అబితసావ్' చట్టం ఆస్తి కొనుగోలు ద్వారా గోల్డెన్ వీసా ఇవ్వడం ఆపింది. నగరాల్లోని ఫ్లాట్లలో కొత్త పర్యాటక బసల నమోదును నిలిపేసింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది చివరికి రెండో నిబంధన ఎత్తేసి, ఎక్కడ ఎన్ని బసలుండాలో తేల్చే అధికారం మునిసిపాలిటీలకు అప్పగించారు. 2018లో రాత్రికి 2 యూరోలతో మొదలైన పోర్టో పర్యాటక పన్ను 2024 డిసెంబరులో 3 యూరోలైంది. దానివల్ల ఊరికి ఆదాయం వస్తుంది, రాకపోకలు తగ్గుతాయన్న ఆశ ఎవరికీ లేదు.

మునిసిపాలిటీకి అధికారం రావడం వల్ల వాడవాడకూ తగ్గ నిబంధన పెట్టొచ్చు. చిక్కేమిటంటే పాత హద్దు మళ్లీ అడ్డొస్తుంది. పోర్టో కట్టుదిట్టం చేస్తే వంతెన దాటి గాయాలో బస వెలుస్తుంది. రెండు ఒడ్లకూ ఓటర్లు వేరు, ఆదాయం వేరు. ఇప్పటికే నమోదైన బసలకు కొత్త పరిమితులు పెద్దగా వర్తించవు. పైగా కొత్తవి రాకుండా ఆపితే ఉన్నవాటి విలువ పెరుగుతుంది. అద్దెలు మళ్లీ గడ్డకట్టించాలన్న డిమాండు కూడా వినిపిస్తోంది. కానీ గుల్ల ఇళ్ల అనుభవం ఇంకా జనానికి గుర్తుంది.

తర్వాతి ఒత్తిడి ఎటు నుంచి వస్తుందో మాత్రం మ్యాపులో చూపించొచ్చు. లిస్బన్ నుంచి గంటా పావులో చేర్చే హైస్పీడ్ రైలు మార్గం తూర్పు అంచున ఉన్న కంపన్యా స్టేషన్‌కు రావాలి. అక్కడి పాత కబేళాను జపాన్ వాస్తుశిల్పి కెంగో కుమా రూపకల్పనతో సాంస్కృతిక, వ్యాపార కేంద్రంగా మారుస్తున్నారు. పోర్టోలో ఎక్కువ పేదరికం ఉన్న వాడ కంపన్యా. మునిసిపల్ కాలనీలు ఎక్కువున్నదీ అక్కడే. ఆ కాలనీల్లో అద్దె కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రిబెయిరాలో లాగా వాడ మొత్తం ఖాళీ అయ్యే అవకాశం తక్కువ. 2015 ప్రాంతపు లెక్కల్లో ఊరంతా కలిపి ఇంకా తొమ్మిది వందలకు పైగా ఇల్యాలు, వాటిలో పదివేల మంది ఉన్నారు. దాదాపు అన్నీ ప్రైవేటు సొత్తే. కంపన్యాలో ధర కదిలితే ముందు కదలాల్సి వచ్చేది వాటిలో అద్దెకున్నవాళ్లు. కొన్ని ఇల్యాలను మునిసిపాలిటీ కొని, రెండేసి గదులను ఒక ఇల్లుగా కలిపి, అదే కాపురాలకు తిరిగి ఇచ్చింది. అయితే ఒక్కోదానికి పట్టే ఏళ్లతో పోలిస్తే రైలే ముందు వచ్చేలా ఉంది.